సీసం లెక్క

వోల్గా మీద మంచు ఇంకా లారీల బరువు మోస్తున్న నెలలో
కపితొలినా యెగొరొవ్నా నా చేతికో రేకు ఇచ్చింది.
సీసం, రెండొందల ఆరు.
ఊపిరి తగిలితే వంగేంత పల్చన.
"పదకొండు మిల్లీగ్రాములు. సంతకం పెట్టు.
దీనిమీద తుమ్మావంటే నీ స్టైపెండు ఏడేళ్లు పోతుంది."
ఆవిడ గ్లవ్స్ లోంచి ఉప్పులో ఊరిన దోసకాయ వాసన.
పెట్టాను.

దుబ్నాలో రాత్రి పదకొండింటికి
సైక్లోట్రాన్ గొంతు సవరించుకుంది.
లిథియం వెళ్లి బెరీలియాన్ని గుద్దితే
చితికిన చోట ఏరుకున్నాం హీలియాన్ని.
మామూలుది కాదు, ఆరు హీలియం.
నడుమ గట్టి గింజ,
చుట్టూ రెండు న్యూట్రాన్లు
భుజాన ఆనీ ఆనని శాలువాలాగా.
ఎవరైనా "ఉల్బోసిన్" అని నా పేరు పలికేలోపు
పుట్టినవాటిలో సగం మిగలవు.

ఎదురుగా సీసం,
ఎనభై రెండు ప్రోటాన్ల పహరా.
లోకంలో ధనం ధనాన్ని పిలుస్తుందంటారు,
ఇక్కడ తరుముతుంది.
గోడ దూకేంత శక్తి మేం ఇవ్వలేదు.
కావాలనే తగ్గించాం,
దూకలేనిది ఏం చేస్తుందో చూద్దామని.

కిరణం ఆపేశాక
రేకుని చీకటి గదిలో పెట్టి చెవి ఒగ్గాను.
ఎలాగో లోపలికి చేరి కలిసిపోయినవి పొలోనియం అవుతాయి.
పొలోనియం నోరున్న బిడ్డ.
నూట ముప్పై ఎనిమిది రోజులకి సగం చొప్పున
ఒక్కో ఆల్ఫా, ఒక్కో క్లిక్కు.

ఏప్రిల్లో వోల్గా పగిలింది,
రాత్రంతా మంచు పలకలు ఒరుసుకున్న చప్పుడు.
జూన్లో దోమలు.
క్లిక్కులు ఎక్కువున్నాయి,
ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు.

రఫ్‌కాత్ నమ్మలేదు.
నమ్మడాన్ని ఆయన జలుబుకింద జమకడతాడు.
శక్తి తప్పు కొలిచి ఉంటారన్నాడు, మళ్లీ కొలిచాం.
పాత ప్రయోగం మురికన్నాడు,
ఖాళీ రేకు పెట్టి పదిహేను రోజులు విన్నాం.
చీమ చిటుక్కుమనలేదు.

అర్థమైందని అనను. అనిపించింది.
గోడ బయటే నిలబడి
తనకంటే ముందు తన శాలువాని లోపలికి విసిరిందని.
ఆవేశం లేని న్యూట్రాన్లని
పహరా ఎవరని అడగదు.
అవి వేసిన వంతెన మీద కొన్ని తామూ దాటాయి.
ఎక్కువ మాత్రం దాటలేదేమో,
చంద్రుడికో నూలుపోగు ఇచ్చి
అట్నుంచటే వెనుదిరిగాయేమో.

రెండొందల ఆరుకి రెండు కలిస్తే రెండొందల ఎనిమిది:
గదులన్నీ నిండిన సీసం,
ఇక దేనికీ చెయ్యి చాపదు.
ఇచ్చినదో, నాలుగు హీలియంగా మారింది,
పుట్టినరోజు బుడగల్లో ఉండేదే.
సెకను నిలవనిది
ఇచ్చేసి, చావు లేకుండా పోయింది.

ఇంత చక్కటి బేరానికి
నా రేకులో ఒక్క సాక్ష్యం లేదు.
నిండినది క్లిక్కుమనదు.
నా పట్టికలో ఉన్నవన్నీ
కుదురుకోనివి చెప్పిన మాటలే.
రఫ్‌కాత్‌తో ఈ మాటే అంటే
"అదంతా డైరీలో రాసుకో.
ఇక్కడ ఎర్రర్ బార్లు గియ్యి" అన్నాడు.
గీశాను. పొడుగ్గానే వచ్చాయి.

సెప్టెంబరులో బిర్చి ఆకులు పసుపెక్కాక
రేకు తిరిగి ఇవ్వడానికి వెళ్లాను.
కపితొలినా తక్కెడ అద్దం తలుపు మూసి
గాలి కుదుటపడేదాకా ఆగింది.
"అందరూ కిరణం గురించే చెప్తారు.
ఇంతకీ నా సీసానికేమైంది?"
చెప్పాను.
"అంటే ఎవడో మా ఇంటి కొక్కేనికి
కోటు తగిలించి పోయాడన్నమాట" అంది.
"ఎన్ని కోట్లు?"
తెలీదన్నాను. లక్షో, రెండు లక్షలో.
ఆవిడ ముల్లు వైపు చూసింది. పెదవి విరిచింది.

రిజిస్టరులో నీలం సిరాతో రాసింది:
ఇచ్చినది పదకొండు.
వచ్చినది పదకొండు.
తేడా లేదు.

పెన్ను నా వైపు తిప్పింది.
చెయ్యి కాసేపు ఆగింది.
పెట్టాను.